జాజికాయల దీవి జయగాథ

ఒలింపిక్ క్రీడల ప్రారంభోత్సవంలో ప్రపంచ దేశాల క్రీడాకారులు తమ తమ జాతీయ పతాకాలను అనుసరించి వరుసగా ప్రేక్షకుల ముందుకు వస్తారు. కొన్ని దేశాల పతాకాల వెనుక వందలాది క్రీడాకారులు కనిపిస్తారు. మరికొన్ని పతాకాల వెనుక ఐదారుగురు మాత్రమే ఉంటారు. పెద్ద దేశాల బృందాలను చూసి చప్పట్లు చరిచే ప్రేక్షకులు, ఈ చిన్న బృందాలు వచ్చినప్పుడు ఆ దేశం పటంలో ఎక్కడున్నదో ఊహించడానికి ప్రయత్నిస్తారు. అంతలోనే ఆ బృందం సాగిపోతుంది. ఈ కొద్దిమంది అంత దూరం ఎందుకు వస్తారు? వచ్చి ఏమి సాధిస్తారు? ఈ ప్రశ్నలకు కరీబియన్ సముద్రంలోని గ్రెనడా అనే చిన్న దేశం తన క్రీడాకారుల ద్వారా చెప్పిన సమాధానం ఎంతో విలువైనది.

గ్రెనడా దక్షిణ అమెరికా ఖండానికి ఉత్తరంగా, వెస్టిండీస్ దీవుల వరుసకు దక్షిణపు కొసన ఉన్న ద్వీపదేశం. ప్రధాన ద్వీపమైన గ్రెనడాతోపాటు కరియాకూ, పెటీ మార్టినీక్ అనే చిరుదీవులు కూడా ఈ దేశంలో భాగమే. మొత్తం వైశాల్యం 344 చదరపు కిలోమీటర్లు. జనాభా లక్షకు కొంచెం ఎక్కువ. అంటే తెలుగునేలపై ఒక మోస్తరు పట్టణంలో నివసించే జనమెంతో, ఆ దేశ జనమంతా కలిసి అంత. రాజధాని పేరు సెయింట్ జార్జెస్. ప్రజలలో అత్యధికులు ఒకప్పుడు చెరకు తోటలలో పనిచేయించడానికి ఆఫ్రికా నుంచి బలవంతంగా తరలించిన బానిసల సంతతివారు. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయిన తరువాత తోటల యజమానులు కూలీల కోసం భారతదేశం వైపు చూశారు. 1857 మే 1న మెయిడ్‌స్టోన్ అనే ఓడ భారతీయ ఒప్పంద కూలీలతో గ్రెనడా తీరాన్ని చేరింది. వారి సంతతి ఇప్పటికీ ఆ దేశ జనాభాలో ఒక భాగంగా ఉన్నది.

ఈ దేశానికి ప్రపంచ విపణిలో పేరు తెచ్చినది జాజికాయ. మన ఇళ్ళలో మిఠాయిలలోను, గృహవైద్యంలోను వాడే జాజికాయ, జాపత్రి ఆ దీవి కొండవాలులలో విరివిగా పండుతాయి. ఒకప్పుడు జాజికాయ ఉత్పత్తిలో ఇండోనేషియా తరువాతి స్థానం గ్రెనడాదే. గ్రెనడా ప్రజలు తమ జాతీయ పతాకంపై కూడా జాజికాయ బొమ్మను నిలుపుకున్నారు. తమను పోషించిన పంటను పతాకంపైకి ఎక్కించి గౌరవించుకున్న దేశాలు ప్రపంచంలో చాలా తక్కువ.

గ్రెనడా 1974 ఫిబ్రవరి 7న బ్రిటన్ నుంచి స్వాతంత్ర్యం పొందింది. కాని ఆ తరువాతి దశాబ్దం ప్రశాంతంగా గడవలేదు. 1979లో తిరుగుబాటు జరిగి ప్రభుత్వం మారింది. 1983 అక్టోబరులో ప్రధానమంత్రి మారిస్ బిషప్ హత్యకు గురయ్యాడు. కొద్ది రోజులలోనే అమెరికా సేనలు ఆ ద్వీపంలో దిగాయి. అంతటి కల్లోలం జరిగి ఏడాది తిరగకముందే, 1984లో అమెరికాలోని లాస్ ఏంజెల్స్ నగరంలో జరిగిన ఒలింపిక్ క్రీడలలో గ్రెనడా తొలిసారిగా పాల్గొన్నది. అంతవరకు యుద్ధవార్తలలో మాత్రమే వినిపించిన ఒక దేశం పేరు క్రీడావేదికపై వినిపించింది. చిన్న దేశాలు అంతర్జాతీయ క్రీడలకు ఎందుకు వెళ్తాయో తెలుసుకోవడానికి ఈ ఒక్క సంఘటన చాలు. మేమూ ఒక జాతిగా ఉన్నామని లోకానికి చెప్పుకొనే అవకాశం అక్కడ వారికి లభిస్తుంది.

అయితే ఒలింపిక్స్‌లో ప్రవేశం పొందడం సులభం కాదు. ఒక్కొక్క పోటీకి నిర్ణీతమైన అర్హతా ప్రమాణం ఉంటుంది. ఆ ప్రమాణాన్ని అందుకున్నవారికి, లేదా ప్రపంచ శ్రేణిలో తగిన స్థానం పొందినవారికి మాత్రమే అవకాశం దక్కుతుంది. ఈ నియమాన్ని కచ్చితంగా పాటిస్తే అనేక చిన్న దేశాల పతాకాలు ఒలింపిక్స్‌లో కనిపించవు. అందుచేత పరుగుపందేలు, ఈత వంటి కొన్ని క్రీడలలో అర్హులైన క్రీడాకారులు లేని దేశాలకు కూడా పరిమితంగా స్థానాలు కేటాయించే పద్ధతి ఏర్పడింది. అటువంటి స్థానంతో వచ్చినవారు తొలి దశలోనే వెనుదిరగడం సాధారణంగా జరిగేదే. పాల్గొనడం ఒక మెట్టు. అర్హత సాధించి పాల్గొనడం రెండవ మెట్టు. గెలవడం మూడవ మెట్టు. మొదటి మెట్టు నుంచి మూడవ మెట్టుకు చేరడానికి గ్రెనడాకు 28 సంవత్సరాలు పట్టింది. ఆ వ్యవధిలో జరిగిన ఏడు ఒలింపిక్స్‌లోను ఆ దేశానికి ఒక్క పతకం కూడా రాలేదు.

ఆశ మొలకెత్తినది 2004లో. ఆ ఏడాది ఏథెన్స్ ఒలింపిక్స్‌లో గ్రెనడాకు చెందిన అలీన్ ఫ్రాన్సిక్ 400 మీటర్ల పరుగులో నాలుగవ స్థానంలో నిలిచాడు. పతకం ఒక్క అడుగు దూరంలో ఆగిపోయింది. ఆ ముచ్చట తీరా ఊరంతా చెప్పుకొనేలోగానే, సెప్టెంబరు 7న, ఇవాన్ అనే పెనుతుపాను గ్రెనడాపై విరుచుకుపడింది. దేశంలోని ఇళ్ళలో దాదాపు తొంభై శాతం దెబ్బతిన్నాయి. జాజికాయ తోటలు నేలకూలాయి. జాజిచెట్టు నాటిన వెంటనే కాపుకు రాదు. దాని ఫలం చేతికందడానికి ఏళ్ళ తరబడి వేచి ఉండాలి. ఇవాన్ తరువాత జాజికాయ ఉత్పత్తిలో గ్రెనడా తన పూర్వస్థానాన్ని తిరిగి పొందలేకపోయింది.

ఆ తుపాను నాటికి గుయావ్ అనే పల్లెకారుల పట్టణంలో కిరానీ జేమ్స్ అనే పన్నెండేళ్ళ బాలుడు ఉన్నాడు. పడమటి తీరాన ఉన్న ఆ చిన్న పట్టణంలో చేపలవేటే ప్రధాన జీవనాధారం. పాఠశాల పందేలలో తన వయస్సువారిని వెనుకకు నెట్టిన ఆ బాలుడు, 2009లో ప్రపంచ యువజన పోటీలలో 200 మీటర్లు, 400 మీటర్లు రెండింటిలోను స్వర్ణపతకాలు సాధించాడు. 2011లో దక్షిణ కొరియాలోని డేగు నగరంలో జరిగిన ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలలో 400 మీటర్ల విజేతగా నిలిచాడు. అప్పటికి అతని వయస్సు పద్దెనిమిదేళ్ళు మాత్రమే.

400 మీటర్ల పరుగు అంటే క్రీడామైదానం చుట్టూ ఒక పూర్తి చుట్టు. ఇది చూడడానికి తేలికగా తోచినా పరుగుపందేలలో మిక్కిలి కఠినమైన వాటిలో ఒకటి. 100 మీటర్ల పరుగులో శక్తినంతా ఒక్కసారిగా వెచ్చించవచ్చు. దూరపు పరుగులో శక్తిని పొదుపు చేసుకోవచ్చు. 400 మీటర్లలో ఈ రెండూ కుదరవు. మొదటినుంచి వేగంగా పరుగెత్తక తప్పదు. కాని అదే వేగం చివరిదాకా నిలవదు. మూడు వందల మీటర్లు దాటేసరికి కండరాలు బిగుసుకుపోతాయి, కాళ్ళు మాట వినవు. ఆఖరి వంద మీటర్లలో గెలిచేవాడు వేగం పెంచేవాడు కాడు, ఇతరులకంటే తక్కువగా వేగం కోల్పోయేవాడు. కాబట్టి ఈ పందెంలో శరీరబలంతోపాటు ఓర్పు, అంచనా, మనోనిబ్బరం అవసరమవుతాయి.

2012 ఆగస్టు 6న లండన్ ఒలింపిక్స్‌లో కిరానీ జేమ్స్ ఈ పందాన్ని 43.94 సెకన్లలో ముగించి స్వర్ణపతకం గెలిచాడు. గ్రెనడాకు అది తొలి ఒలింపిక్ పతకం. అమెరికా దేశస్థులు కానివారిలో 44 సెకన్లలోపు ఈ దూరాన్ని పరుగెత్తిన మొదటివాడు అతడే. 1984 నుంచి 2008 వరకు ప్రతి ఒలింపిక్స్‌లోను ఈ పందెంలో స్వర్ణం అమెరికాకే దక్కింది. ఆ వరుసకు తెర దించినవాడు చేపలవేటతో బ్రతికే ఒక చిన్న పట్టణపు కుర్రవాడు. మరునాడు గ్రెనడా ప్రభుత్వం దేశమంతటా సగం రోజు సెలవు ప్రకటించింది.

ఆ విజయానికి ఒక రోజు ముందు జరిగిన సంఘటన మరింత గుర్తుంచుకోదగినది. సెమీఫైనల్ పందెంలో జేమ్స్ పక్కన దక్షిణాఫ్రికాకు చెందిన ఒక క్రీడాకారుడు రెండు కృత్రిమ పాదాలతో పరుగెత్తాడు. అతడు అందరికంటే చివర వచ్చాడు. ప్రథముడుగా వచ్చిన జేమ్స్ నేరుగా అతని దగ్గరకు వెళ్ళి ఆలింగనం చేసుకొని, అతని ఛాతీపై ఉన్న పేరుచీటీని అడిగి తీసుకున్నాడు, తన చీటీని అతనికిచ్చాడు. చివరివాడి పేరును మొదటివాడు కానుకగా స్వీకరించడం ఆనాటి ప్రేక్షకులను కదిలించింది. తన ప్రపంచవిజేత హోదాను ఒక్క క్షణం పక్కనపెట్టి సాటివాడి శ్రమను గుర్తించిన సంస్కారం ఆ పందొమ్మిదేళ్ళ యువకునిది.

తరువాతి కాలం అతనికి పూలబాట కాలేదు. 2016లో రియో ఒలింపిక్స్‌లో 43.76 సెకన్లలో పరుగెత్తాడు. అంటే లండన్‌లో కంటే మెరుగైన పరుగు. కాని దక్షిణాఫ్రికాకు చెందిన వేడ్ వాన్ నీకెర్క్ 43.03 సెకన్లతో కొత్త ప్రపంచ రికార్డు నెలకొల్పడంవల్ల జేమ్స్‌కు రజతం దక్కింది. ఆ పిమ్మట థైరాయిడ్ గ్రంథికి సంబంధించిన గ్రేవ్స్ వ్యాధి అతన్ని కొంతకాలం మైదానానికి దూరం చేసింది. చికిత్స పొంది తిరిగి వచ్చి, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం సాధించాడు. ఒకే పందెంలో మూడు ఒలింపిక్స్‌లో స్వర్ణ, రజత, కాంస్యాలు మూడింటిని గెలుచుకున్నాడు. 2024లో పారిస్‌లో 43.87 సెకన్లలో పరుగెత్తి ఐదవ స్థానంలో నిలిచాడు. లండన్‌లో స్వర్ణం తెచ్చిన పరుగుకంటే పారిస్‌లో ఐదవ స్థానం తెచ్చిన పరుగే వేగవంతమైనది. పన్నెండేళ్ళలో ప్రపంచం ఎంత ముందుకు సాగిందో, ఆ ప్రపంచంతోపాటు సాగడానికి ఒక క్రీడాకారుడు ఎంత శ్రమించాలో ఈ అంకెలే చెబుతాయి.

ఒక్కడు గెలిస్తే అది అదృష్టమని కొట్టిపారేయవచ్చు. కాని గ్రెనడా ఒక్కనితో ఆగలేదు. జావెలిన్ త్రోలో అండర్సన్ పీటర్స్ పైకి వచ్చాడు. అతని పేరు భారతీయ క్రీడాభిమానులకు సుపరిచితం. 2016లో పోలెండ్‌లో జరిగిన 20 ఏళ్ళలోపువారి ప్రపంచ పోటీలలో నీరజ్ చోప్రా స్వర్ణం గెలిచినప్పుడు కాంస్యం పొందినవాడు పీటర్స్. 2018 కామన్వెల్త్ క్రీడలలోను నీరజ్‌కు స్వర్ణం, పీటర్స్‌కు కాంస్యం లభించాయి. 2019లో పీటర్స్ ప్రపంచ విజేత అయ్యాడు. కాని 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో అర్హత పోటీ దాటలేకపోయాడు. నీరజ్ భారతదేశానికి స్వర్ణం తెచ్చిన ఆ తుదిపోటీలో ప్రపంచ విజేతగా ఉన్న పీటర్స్‌కు చోటే లేదు. ఓటమితో అతడు కుంగిపోలేదు. మరుసటి ఏడాది ప్రపంచ పోటీలలో 90.54 మీటర్ల దూరం విసిరి, నీరజ్‌ను రెండవ స్థానంలో నిలిపి, మళ్ళీ ప్రపంచ విజేతగా నిలిచాడు. ఇద్దరూ పరస్పరం ఓడించుకుంటూ పరస్పరం మెరుగుపరచుకున్నారు. వారిలో ఒకరి దేశ జనాభా 140 కోట్లకు పైమాట, మరొకరిది లక్షకు కొంచెం పైమాట. ఈటె చేతపట్టి గీత దగ్గర నిలిచినప్పుడు మాత్రం ఇద్దరికీ ఉన్నది ఒకే బరువున్న 800 గ్రాముల ఆయుధం.

2024 జూలై 1న ప్రకృతి గ్రెనడాను మరొకసారి పరీక్షించింది. బెరిల్ అనే పెనుతుపాను కరియాకూ దీవిని తాకింది. ఆ దీవిలో ఇంచుమించు ప్రతి ఇల్లూ దెబ్బతిన్నది. పారిస్ ఒలింపిక్స్ ప్రారంభానికి అప్పటికి నాలుగు వారాల వ్యవధి కూడా లేదు. పైకప్పులు లేని ఇళ్ళను వెనుక వదలి గ్రెనడా క్రీడాకారులు పారిస్ చేరారు. ఆగస్టు 3న లిండన్ విక్టర్ డెకాథ్లాన్‌లో 8,711 పాయింట్లతో కాంస్యం గెలిచాడు. డెకాథ్లాన్ రెండు రోజులలో పది పోటీల సమాహారం. మొదటి రోజు 100 మీటర్ల పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్, హై జంప్, 400 మీటర్ల పరుగు ఉంటాయి. రెండవ రోజు హర్డిల్స్, డిస్కస్, పోల్‌వాల్ట్, జావెలిన్, 1500 మీటర్ల పరుగు ఉంటాయి. ఐదు రోజుల అనంతరం, ఆగస్టు 8న, పాకిస్తాన్‌కు చెందిన అర్షద్ నదీమ్ స్వర్ణం, నీరజ్ చోప్రా రజతం గెలిచిన జావెలిన్ పోటీలో పీటర్స్ 88.54 మీటర్లతో కాంస్యం సాధించాడు. కరియాకూలో గృహాలు ఇంకా నిలబడలేదు. కాని దేశం పేరు నిలబడింది.

విక్టర్ పతకం గెలిచిన ఆగస్టు 3వ తేదీకి మరొక విశేషం ఉన్నది. ఆనాడే గ్రెనడాకు ఉత్తరాన ఉన్న సెయింట్ లూసియా దీవికి చెందిన జూలియన్ ఆల్‌ఫ్రెడ్ మహిళల 100 మీటర్ల పరుగులో, డొమినికా దీవికి చెందిన తియా లాఫాండ్ ట్రిపుల్ జంప్‌లో స్వర్ణాలు గెలుచుకున్నారు. ఆ రెండు దేశాలకూ అవే మొట్టమొదటి ఒలింపిక్ పతకాలు. ఒకే ప్రాంతంలోని మూడు చిరుదీవుల పతాకాలు ఒకే దినాన ఎగిరిన ఈ ఘటన, గ్రెనడా విజయం కేవలం ఒక వ్యక్తి ప్రతిభ కాదని, దాని వెనుక ఒక పద్ధతి ఉన్నదని సూచిస్తుంది.

ఆ పద్ధతిని మూడు మెట్లుగా గ్రహించవచ్చు. మొదటిది పాఠశాల. గ్రెనడాలో ఉన్నత పాఠశాలల మధ్య ఏటా జరిగే అథ్లెటిక్ పోటీలు జాతీయోత్సవం వంటివి. చిన్న దేశంలో బాగా పరుగెత్తే పిల్లవాడు ఎవరి కంటా పడకుండా ఉండడం కష్టం. ఉపాధ్యాయుడు, శిక్షకుడు, ఇరుగుపొరుగు అందరూ అతన్ని ఎరుగుదురు. రెండవది ప్రాంతీయ వేదిక. కరీబియన్ దేశాల బాలబాలికలకోసం 1972లో ఆరంభమైన కారిఫ్టా క్రీడలు యువ క్రీడాకారులకు చిన్న వయస్సులోనే ఇతర దేశాలవారితో పోటీపడే అలవాటును కలిగిస్తాయి. మూడవది విదేశీ విశ్వవిద్యాలయాల ఉపకారవేతనం. జేమ్స్ అలబామా విశ్వవిద్యాలయంలోను, పీటర్స్ మిసిసిపీ స్టేట్‌లోను, విక్టర్ టెక్సస్ ఎ అండ్ ఎమ్‌లోను చదువుతూ అమెరికాలో ఉన్నత శిక్షణ పొందారు.

ఈ మూడవ మెట్టులోనే చిన్న దేశపు బలహీనత కూడా దాగి ఉన్నది. ఉత్తమ శిక్షణ కోసం స్వదేశాన్ని విడిచి వెళ్ళక తప్పని స్థితి అది. ఎంపికైనవారికి విజయం దక్కుతుంది. ఎంపిక కానివారి ప్రతిభ తీరం దాటలేదు. ఈ లోటును తీర్చే దిశలో గ్రెనడా కొంత ముందడుగు వేసింది. సెయింట్ జార్జెస్‌లో నిర్మించిన అథ్లెటిక్ క్రీడామైదానానికి కిరానీ జేమ్స్ పేరు పెట్టింది. 2016లోను, 2024లోను కారిఫ్టా క్రీడలకు ఆతిథ్యమిచ్చింది. తమ ఊరి వీరుని పేరున్న మైదానంలో పరుగెత్తే బాలునికి గమ్యం కనబడుతుంది.

ఒలింపిక్స్ ముగిసిన ప్రతిసారీ జనాభాతో పోల్చి పతకాల పట్టికలు వేయడం పరిపాటి. పారిస్‌లో రెండు పతకాలు పొందిన గ్రెనడా ఆ లెక్కలో ప్రపంచంలోనే మొదటి స్థానంలో నిలిచింది. ఇంచుమించు అరవై వేల మందికి ఒక పతకం. అదే క్రీడలలో ఆరు పతకాలు పొందిన భారతదేశానికి ఇరవై మూడు కోట్ల మందికి ఒక పతకం. ఈ పోలిక చూడగానే ఆశ్చర్యం కలుగుతుంది. కాని ఇందులో కొంత భ్రమ ఉన్నది. పారిస్‌లో అన్ని దేశాలకూ కలిపి దక్కిన పతకాలే వెయ్యికి కొంచెం ఎక్కువ. గ్రెనడా నిష్పత్తిలో గెలవాలంటే భారతదేశం ఒక్కటే ఇరవై వేలకు పైగా పతకాలు తేవాలి. అది అసాధ్యం. పైగా ఒక్కొక్క పోటీలో ఒక్కొక్క దేశం నుంచి పాల్గొనేవారి సంఖ్యకు పరిమితి కూడా ఉన్నది. జనాభా అతి తక్కువగా ఉన్నప్పుడు ఒక్క పతకం చేరినా, జారినా నిష్పత్తి తలకిందులవుతుంది. కాబట్టి ఈ లెక్కను గొప్పలకు గాని, నిందలకు గాని వాడుకోవడం సరికాదు.

అయినా ఆ లెక్క ఒక ప్రశ్నను మిగులుస్తుంది. పతకాల సంఖ్యను పక్కన పెట్టి, దేశంలోని పిల్లలలో ఎంతమందికి పరుగెత్తే మైదానం ఉన్నదని అడగాలి. పరుగెత్తినవారిలో ఎంతమంది వేగాన్ని గడియారం పట్టి చూసినవారు ఉన్నారని అడగాలి. గ్రెనడాలో జేమ్స్ వేగాన్ని ఎవరో సకాలంలో గుర్తించారు. గుర్తించేవారు లేకపోతే అతడు గుయావ్ తీరంలో వలలు లాగుతూ ఉండిపోయేవాడేమో! పెద్ద దేశాలలో ఎన్ని మారుమూల గ్రామాల్లో, ఎన్ని ఆటస్థలం లేని పాఠశాలల్లో అటువంటి వేగం ఎవరి కంటా పడకుండా పోతున్నదో ఆలోచించవలసి ఉన్నది. జనసంఖ్య దానంతట అది బలం కాదు. ప్రతి బిడ్డకు అవకాశం అందినప్పుడే అది బలమవుతుంది.

2025లో టోక్యోలో జరిగిన ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలలో పీటర్స్ రజతం గెలిచాడు. ఆనాటి స్వర్ణవిజేత కెషోర్న్ వాల్కాట్ కూడా పొరుగు దీవిదేశమైన ట్రినిడాడ్ అండ్ టొబాగోకు చెందినవాడే. తుపానులు వస్తూనే ఉంటాయి, జాజిచెట్లు కూలుతూనే ఉంటాయి. కూలినచోట ఆ దేశ ప్రజలు మళ్ళీ మొక్కలు నాటుతారు, ఫలానికి ఏళ్ళ తరబడి ఎదురుచూస్తారు. క్రీడారంగంలోను వారు చేసినది ఇదే. 1984లో నాటిన మొక్క 2012లో కాయ కాసింది. తరువాతి ఒలింపిక్స్‌లో ఆ చిన్న బృందం పతాకం వెనుక నడిచి వచ్చినప్పుడు, దానిపై ఉన్న జాజికాయ బొమ్మను గుర్తుపట్టగలిగినవారికి ఆ ఐదారుగురి నడకలో ఎంత దూరం ఇమిడి ఉన్నదో బోధపడుతుంది.